సూదీ దారం... కాస్త మట్టీ!

కూచిపూడి పేరు చెప్పగానే గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. భామాకలాపం, తరంగం, ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు... అన్నీ కళ్ళముందు కదులుతాయి. మరి, అరమండిలోకి దిగగానే మోకాళ్ళ మధ్య విసనకర్రలా విచ్చుకునే ఆ కుచ్చిళ్ళ సంగతి? లేవగానే మళ్ళీ బుద్ధిగా ముడుచుకునే ఆ పట్టు మడతల వెనక ఎంత కుట్టుపని ఉందో చాలామంది పట్టించుకోరు. ఏదైనా చేతిపని సరదాగా నేర్చుకుందామనుకునేవాళ్ళకి, అందులోనూ ఇంట్లో నాట్యం నేర్చుకునే పిల్ల ఉన్నవాళ్ళకి, అదే మంచి మొదటి పాఠం.

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని ఈ ఊళ్ళో ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. సత్యభామ పాత్రకు పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణ శర్మ 2012లో కన్నుమూశారు. పాతరోజుల్లో చీరను ఒడుపుగా చుట్టి కట్టేవారు. కుట్టిన దుస్తులు తర్వాత వాడుకలోకి వచ్చాయి. కట్టులో ఉన్న ఆ ఒడుపంతా ఇప్పుడు కుట్టులోకి చేరిందన్నమాట!

అయిదున్నర మీటర్ల చీర కత్తెర కిందికి వెళ్ళి పైజామా, ముందు కుచ్చిళ్ళు, నడుము వెనక కప్పే ముక్క, పైట, జాకెట్టు అవుతుంది. అసలు పరీక్ష కుచ్చిళ్ళ దగ్గరే. వాటి రెండు చివరల్నీ పైజామా కాళ్ళకు కలిపి కుడతారు. మోకాళ్ళు విడితే అవి విచ్చుకునేది అందుకే. మడతలన్నీ ఒకే వెడల్పులో ఉండాలి. ఒక్కో మడతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి, ఇరవై మడతలు తిరిగేసరికి అది రెండు సెంటీమీటర్లవుతుంది. జరీ అంచు ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఆ వంకర వేదిక మీద అందరికీ కనిపిస్తుంది, పాపం పిల్లకి తప్ప!

అందుకే మొదట పట్టు జోలికి వెళ్ళొద్దు. పాత దినపత్రిక తీసుకుని (ఇవాళ్టిది కాదు సుమా!) అంగుళం చొప్పున మడతలు పెట్టండి. చేయి కుదిరాక పాత నూలు చీర. ఇస్త్రీ చేసి, వెనకవైపు నుంచి వదులుగా టాకాలు వేసి, తెరిచి మూసి చూడండి. నచ్చకపోతే విప్పేయండి. కుట్టు విప్పడానికి విసుక్కునేవాళ్ళకి ఈ విద్య అబ్బదు. బామ్మలు పాత చీరలతో బొంతలు కుడుతూ, తప్పుపోయిన వరసను మాటల మధ్యలోనే విప్పి మళ్ళీ కుట్టేవారు, గుర్తుందా?

ఇక బీరువాలోని అమ్మ పెళ్ళి పట్టుచీర మీద చాలామంది కన్ను పడుతుంది. ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత దగ్గరే చిట్లుతుంది. అలాంటి చీరను కోసి పాడుచేయడం కన్నా దాచుకోవడమే మేలు. ఎదిగే పిల్లకైతే జాకెట్టు పక్క కుట్ల లోపల, పైజామా అంచుల్లో రెండేసి అంగుళాల గుడ్డ వదలండి. ఏటా కొత్త దుస్తులు కుట్టించే ఖర్చు తప్పుతుంది. లోపల నూలు లైనింగ్ వేస్తే చెమట పట్టు దాకా తొందరగా రాదు.

ఇవన్నీ పుస్తకం చూసి వచ్చేవి కావు. నాట్య దుస్తులు కుట్టే దర్జీ పక్కన నాలుగు రోజులు కూర్చుంటే కత్తెర ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఊరికే కాదు, ఆ నాలుగు రోజులకీ ఆయన కూలి ఆయనకి ఇచ్చి!

సూది పట్టే ఓపిక లేదంటారా? మట్టి ఉంది. సారె మీద లేచిన కుండకు మొదట అడుగు ఉండదని మీకు తెలుసా? మందంగా చేసి దించి, కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ అడుగు మూస్తారు. అది ఏళ్ళ సాధన. మనకి ప్రమిదలు చాలు. బంకమట్టిలో రాళ్ళూ వేళ్ళూ ఏరి, నానబెట్టి, గాలి బుడగలు లేకుండా పిసికి, గుంటలా నొక్కి, వారం పాటు నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగుళ్ళే!

కాల్చడానికి ఊళ్ళో కుమ్మరి ఆవంలో చోటు అడగండి. కానీ తడి ఆరని ప్రమిద మాత్రం ఇవ్వొద్దు. లోపలి తేమ ఆవిరై అది పేలితే పక్కనున్న ఆయన కుండలు కూడా పగులుతాయి. మన సరదా ఆయనకి రోజుల తరబడి కష్టం! చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. మరో రెండు రోజులు ఆగండి.

కాలి వచ్చాక వాటిని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తుడిచి ఆరబెట్టండి. దీపావళి రోజున నూనె తక్కువ తాగుతాయి.