హెచ్చరిక ఊరికి చేరేదెలా?

విజ్ఞానశాస్త్ర ప్రచారమంటే శాస్త్రజ్ఞుల మాటను తేలిక తెలుగులోకి మార్చడమేనని మన విద్యార్థుల్లో చాలామంది భావిస్తారు. అది పనిలో సగం మాత్రమే. ఏ మాట ఎవరికి, ఎప్పుడు, ఎవరి నోట చేరాలో ముందుగా నిర్ణయించుకోవడం మిగిలిన సగం. దీన్నే మేము వ్యూహం అంటున్నాము. ఆ నిర్ణయానికి బాధ్యత వహించడమే నాయకత్వం.

ఒడిశా తీరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1999 అక్టోబరు 29న పారాదీప్ సమీపంలో తీరం దాటిన పెనుతుఫానులో దాదాపు 10,000 మంది మరణించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఈసారి మృతులు పదుల సంఖ్యకే పరిమితమయ్యారు. మధ్యకాలంలో వాతావరణ అంచనాలు మెరుగుపడ్డాయి, తుఫాను రక్షణ కేంద్రాలు లేచాయి, రాష్ట్రంలో విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ముఖ్యంగా సుమారు 10 లక్షల మందిని గాలివాన రాకముందే తరలించారు. అంటే అంచనా ఒక్కటే ప్రాణం కాపాడదు, విన్నవారు కదలాలి.

గోపాల్‌పూర్ వంటి రేవుల్లో తెలుగు ఇంటిభాషగా గల మత్స్యకార కుటుంబాలున్నాయి. తుఫానును ఒడియాలో 'బాత్యా' అంటారు. ఒడియా బడిలో చదివిన మనవడికి ఆ మాట తెలుసు. నాయనమ్మకు మాత్రం 'తుఫాను' అంటేనే గుండెలో పడుతుంది. ఈ రెండు మాటల మధ్య నిలబడగలిగినవాడు ద్విభాషి. అతడు చేయవలసిన పనులను మేము నాలుగుగా చెబుతాము.

మొదటిది, ముఖ్యాంశాన్ని ఎంచుకోవడం. గంటకు 200 కి.మీ. గాలి అనే అంకె చాలదు. బంగాళాఖాతపు పెనుతుఫానుల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమ చూసింది అదే. కాబట్టి 'నీరు ఎంతవరకు వస్తుంది, ఎప్పటిలోగా బయలుదేరాలి' అన్నవే ముందు చెప్పాలి.

రెండవది, వినడం. పడవ, వల, మేక వదిలి రాలేనివారిని మూఢులనడం తగదు. వాటికి భద్రత ఎక్కడో చెప్పగలిగితేనే మన మాట సాగుతుంది.

మూడవది, నోటిని ఎంచుకోవడం. కులపెద్ద, అంగన్‌వాడీ కార్యకర్త, పడవ నడిపే సరంగు చెబితే ఊరు వింటుంది. వారికి విషయం ముందే విశదపరచాలి.

నాలుగవది, అనిశ్చితిని దాచకపోవడం. తుఫాను దారి మళ్ళవచ్చునని ముందే చెప్పాలి. దాచితే, అది మళ్ళిన రోజున మనల్ని అబద్ధాలకోరులంటారు. మరుసటి హెచ్చరికకు ఎవరూ కదలరు.

తీరప్రాంత విద్యార్థులు ఈ వర్షాకాలం ముగిసేలోగా తమ ఊరికి ఒక హెచ్చరికను రెండు భాషల్లోనూ ఐదేసి వాక్యాల్లో రాయాలి. ఇంట్లో పెద్దలకు చదివి వినిపించి, 'ఇప్పుడు ఏం చేస్తారు?' అని అడగాలి. వారి జవాబును బట్టి వాక్యాలను సవరించాలి. తుఫానుల కాలానికి ముందే ఈ అభ్యాసం పూర్తి కావడం అవసరం.