అమెరికాలో నేరము, శిక్ష, మనవారి క్షేమము

మన సంఘాలలో ఈ మధ్య ఎక్కడ నలుగురు కలిసినా ఒక ప్రశ్న వస్తున్నది. పిల్లవాణ్ణి పైచదువుకు అమెరికా పంపవచ్చునా, అక్కడ వీధికొక తుపాకి అంటున్నారే, ప్రాణానికి హామీ ఉన్నదా అని. దాని వెంటనే మరొక మాట కూడా వినబడుతుంది. మలేసియాలో ఉన్నట్టు అక్కడ రోతాన్ దెబ్బలు, ఉరికంబం ఉండవట, చట్టం మెత్తనిదట కదా అని. మొదటి భయంలో నిజం ఉంది. రెండవ నమ్మకంలో నిజం చాలా తక్కువ.

ముందు మన చట్టం సంగతి. మలేసియా శిక్షాస్మృతి అమెరికాకు దూరపు చుట్టమైతే ఆంధ్రదేశానికి తోడబుట్టినది. మెకాలే 1837లో ముసాయిదా రాసి, 1860లో చట్టమైన భారత శిక్షాస్మృతినే ఆంగ్లేయులు ఇక్కడికీ తెచ్చారు. రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు మన తాతలను విశాఖ, గోదావరి సీమల నుండి ఓడ ఎక్కించిన దొరలు, వారిని శిక్షించే చట్టాన్ని కూడా అదే బంగాళాఖాతం దాటించారన్న మాట. హత్యకు అక్కడా 302, ఇక్కడా 302. మోసానికి అక్కడా 420, ఇక్కడా 420. ఒక చిత్రమేమంటే, 2024 జులై 1 నుండి భారతదేశంలో కొత్త న్యాయ సంహిత వచ్చి, హత్య 103వ సెక్షనుకు, మోసం 318వ సెక్షనుకు మారాయి. పాత సినిమాలలో మనం విని నవ్వుకున్న ‘ఫోర్ ట్వంటీ’ పుట్టింట లేదు, మన మలేసియాలో మాత్రం చట్టపుస్తకంలో భద్రంగా ఉంది.

అమెరికాలో ఇలా దేశమంతటికీ ఒకే శిక్షాస్మృతి లేదు. 50 రాష్ట్రాలకు 50 చట్టాలు, వాటిపైన కేంద్రానికి వేరే చట్టము, వేరే న్యాయస్థానాలు, వేరే జైళ్లు. అందుచేత ‘అమెరికాలో ఫలానా నేరానికి శిక్ష ఎంత?’ అని అడిగితే జవాబు ఉండదు. ‘ఏ రాష్ట్రంలో?’ అని ఎదురు ప్రశ్న వేయవలసిందే. మరణశిక్ష 27 రాష్ట్రాల చట్టాలలో ఉంది, 23 రాష్ట్రాలలో లేదు. ఉన్నచోట కూడా అమలు అవుతుందని చెప్పలేము. పెన్సిల్వేనియాలోని కింగ్ ఆఫ్ ప్రష్యాలో 2012 అక్టోబరులో ఒక తెలుగువారి ఇంట పది నెలల పసికందు, ఆ బిడ్డ నాయనమ్మ హత్యకు గురయ్యారు. ఆ పని చేసినవాడు ఆ కుటుంబానికి తెలిసిన తెలుగువాడే. బిడ్డను ఎత్తుకుపోయి డబ్బు గుంజాలన్నది పన్నాగం. 2014లో జ్యూరీ అతనికి మరణశిక్ష వేసింది. 2018 ఫిబ్రవరికి తేదీ కూడా నిర్ణయమైంది. కాని ఆ రాష్ట్ర గవర్నరు 2015లోనే మరణశిక్షల అమలు నిలిపివేసి ఉండటం వలన అది జరగలేదు. అక్కడ 1999 తరువాత ఎవరికీ మరణశిక్ష అమలు కాలేదు.

మన దేశంలో ఇటీవలి వరకు హత్య రుజువైతే న్యాయమూర్తికి వేరే దారి లేదు, ఉరి ఒక్కటే. 2023 జులైలో ఆ నిర్బంధం తొలగింది. ఇప్పుడు ఉరి వేయవచ్చు, లేదా 30 నుండి 40 సంవత్సరాల జైలు, తోడుగా 12కు తక్కువ కాకుండా బెత్తం దెబ్బలు. అమెరికాలో కోర్టు విధించే కొరడా దెబ్బలకు 1952లో డెలావేర్ రాష్ట్రంలో ఆఖరి ఘట్టం ముగిసింది. మెత్తని చట్టం అన్న మాట ఇక్కడి నుండే పుట్టిందేమో. దెబ్బలు లేవు గాని, జైలు ఉంది. ఆ జైలు మన ఊహకు అందేది కాదు. సుమారు 18 లక్షల మందికి పైగా అక్కడ కటకటాల వెనుక ఉన్నారు. లక్ష జనాభాకు 500కు పైచిలుకు. మన దేశపు లెక్కకు అది రెట్టింపు కంటె ఎక్కువ. మన జైళ్లలో సత్ప్రవర్తనకు మూడవ వంతు శిక్ష తగ్గే రివాజు ఉన్నది. అమెరికా కేంద్ర చట్టంలో 1987 నుండి కొత్త నేరాలకు పెరోలు లేనే లేదు. వేసిన శిక్షలో నూటికి 85 వంతులు దాదాపుగా అనుభవించి తీరవలసిందే. మన చట్టంలో యావజ్జీవం అంటే 30 సంవత్సరాలు. అక్కడ అనేక రాష్ట్రాలలో యావజ్జీవం అంటే శవమై బయటికి రావడమే.

కాన్సాస్ రాష్ట్రపు ఓలేత పట్టణంలో 2017 ఫిబ్రవరి 22న జరిగినది తెలుగువారెవరూ మరువలేదు. పని ముగించుకొని మిత్రునితో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును, ‘మా దేశం నుండి పొండి’ అంటూ ఒకడు కాల్చి చంపాడు. మిత్రుడు గాయపడ్డాడు. అడ్డు వెళ్లిన ఒక అమెరికను యువకుడు కూడా గుండు దెబ్బ తిన్నాడు. తరువాత జరిగిన న్యాయ విధానం మనకు పాఠం వంటిది. ముద్దాయి రాష్ట్ర కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2018 మేలో యావజ్జీవం పడింది, 50 ఏళ్లు గడవకుండా పెరోలు అడిగే వీలు లేదు. అదే సంఘటనకు కేంద్ర కోర్టు కూడా, జాతి ద్వేషంతో చేసిన నేరమని, అదే ఏడాది ఆగస్టులో మళ్లీ యావజ్జీవం విధించింది. ఒక నేరానికి రెండు ప్రభుత్వాలు వేరువేరుగా శిక్షించగలవు. మన పద్ధతిలో ఇది లేదు.

‘నేరం ఒప్పుకున్నాడు’ అన్నానే, అక్కడ ఆగవలె. సినిమాలలో చూసి అమెరికాలో ప్రతి కేసూ పన్నెండుగురు జ్యూరీ ముందు నడుస్తుందని మనం అనుకుంటాము. మన మలేసియాలో జ్యూరీ 1995 జనవరి 1తో రద్దయింది గనుక మనకు అది మరీ వింతగా ఉంటుంది. కాని అమెరికాలో శిక్షపడ్డ నూరుగురిలో 90 మందికి పైగా అసలు విచారణే జరగదు. ప్రాసిక్యూటరుతో బేరం కుదురుతుంది. ఒప్పుకుంటే మూడేళ్లు, ఒప్పుకోక ఓడిపోతే ముప్పయి ఏళ్లు అని ముందు పెడితే, నిర్దోషి కూడా తటపటాయిస్తాడు. పరదేశపు పౌరునికి ఇందులో మరొక ఉచ్చు ఉంది. చిన్న నేరమని ఒప్పుకొని జరిమానా కట్టి బయటపడ్డ పిల్లవాణ్ణి, ఆ ఒప్పుకోలు కారణంగానే దేశం నుండి పంపివేయవచ్చు. ఈ సంగతి న్యాయవాది తన కక్షిదారుకు చెప్పి తీరవలెనని 2010లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. చెప్పకపోతే మీరే అడగండి.

మన పిల్లలు అక్కడ పోలీసుల చేతికి చిక్కేది దొంగతనాల వల్ల కాదు, కాగితాల వల్ల. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం అని ఒకటి నడిచింది. డబ్బు కడితే విద్యార్థి వీసా నిలబెట్టే కాగితం ఇవ్వడమే దాని విద్య. 2011 జనవరిలో ప్రభుత్వం దానిని మూసింది. విద్యార్థులలో చాలామంది ఆంధ్రదేశం వారు. కొందరి కాలికి జాడ తెలిపే రేడియో పట్టీలు బిగించారు. పశువుకు కట్టినట్టు కట్టారని భారతదేశంలో గొడవ లేచింది. బడి నడిపిన ఆవిడకు 2014లో 198 నెలల జైలు పడింది. ఒక్కరినీ కొట్టలేదు, చంపలేదు, పదహారున్నర సంవత్సరాలు! కాగితపు మోసానికి మన కోర్టులు ఇంత వేయడం అరుదు.

ఫార్మింగ్‌టన్ సంగతి ఇంకా విడ్డూరం. మిషిగన్‌లో ఆ పేరుతో ప్రభుత్వ అధికారులే ఒక దొంగ విశ్వవిద్యాలయం పెట్టారు. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. 2019 జనవరిలో వల లాగితే తొలి విడతలోనే 130 మంది విద్యార్థులు పడ్డారు, దాదాపు అందరూ భారతీయులే, వారిలో తెలుగువారు అనేకులు. పిల్లలను చేర్చిన ఎనిమిది మంది దళారీలకు క్రిమినలు శిక్షలు పడ్డాయి. ప్రభుత్వమే ఎర వేసి పట్టడం న్యాయమా అంటే, నా మట్టుకు న్యాయం కాదు. అయితే తరగతులే లేని బడికి ఫీజు కట్టినవాడికి అనుమానం రాలేదంటే కూడా నమ్మడం కష్టం.

ఇక తుపాకి. అమెరికాలో ప్రజల చేతిలో 39 కోట్ల తుపాకులు ఉండవచ్చునని 2018లో ఒక అంతర్జాతీయ అంచనా చెప్పింది. జనాభా చూస్తే 33 కోట్లు. ఆయుధం ధరించే హక్కు వారి రాజ్యాంగంలో 1791 నుండి ఉంది. మన దేశంలో లైసెన్సు లేని తుపాకి ఊరికే దగ్గర ఉంటేనే 1971 చట్టం ప్రకారం 14 ఏళ్ల వరకు జైలు, బెత్తం దెబ్బలు. ఫలితం లెక్కలలో కనబడుతుంది. అమెరికాలో 2024లో లక్షకు ఐదుగురు హత్యకు గురయ్యారు, మన దేశంలో అది రెండుకు మించదు. కాని ఒక అంకె మీద దృష్టి నిలపమని తల్లిదండ్రులను కోరుతున్నాను. 2021లో అక్కడ తుపాకి వలన చనిపోయినవారు 48,830 మంది. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారు, అంటే సగానికి పైన. ఒంటరితనం, అప్పు, ఉద్యోగం దొరకని దిగులు, పక్కన తుపాకి. అక్కడ అటువంటి వేళ 988కి ఫోను చేస్తే మాట్లాడే మనిషి ఉంటాడు. మన దేశంలో ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసే 309వ సెక్షను 2023లో పోయింది. ఇన్నాళ్లు ఉండటమే తప్పు.

చెప్పకుండా చుట్టం ఇంటికి వెళ్లడం మన మర్యాద. అమెరికాలో అది ప్రాణం మీదికి తేవచ్చు. 1992 అక్టోబరులో లూసియానాలోని బాటన్ రూజ్‌లో పదహారేళ్ల జపాను విద్యార్థి విందుకని పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టాడు. ఇంటి యజమాని తుపాకి పట్టుకొని ‘ఫ్రీజ్’ అన్నాడు. ‘కదలకు’ అని దాని భావం. పిల్లవాడికి ఆ మాట అర్థం కాక ముందుకు నడిచాడు, గుండుకు బలి అయ్యాడు. 1993లో జ్యూరీ యజమానిని నిర్దోషి అన్నది. మరుసటి ఏడు సివిలు కోర్టు మాత్రం తల్లిదండ్రులకు ఆరున్నర లక్షల డాలర్లు ఇవ్వవలెనన్నది. జైలుకు తగని వాడు పరిహారానికి తగినవాడయ్యాడు.

పోలీసు కారు ఆపినప్పుడు మనవారు వినయంగా దిగి ఎదురు వెళతారు. అక్కడ దిగరాదు. చేతులు స్టీరింగు మీద కనబడేటట్టు ఉంచి, చెప్పినప్పుడు మాత్రమే కాగితాలకు చేయి చాచవలె. అతడు నీ జేబులో తుపాకి ఉండవచ్చునన్న లెక్కతోనే వస్తాడు. దుకాణంలో, పెట్రోలు బంకులో రాత్రి పని చేసే పిల్లలకైతే ఒక్కటే మాట: దొంగ వస్తే గల్లా పెట్టె తెరిచి ఇచ్చివేయమనండి. ఆ డబ్బు యజమానిది.

పోలీసులను శిక్షించడంలో ఆ దేశం ఎంత నిక్కచ్చి? 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను చంపిన పోలీసుకు 2021లో 22 ఏళ్ల ఆరు నెలలు పడింది. సియాటిల్‌లో 2023 జనవరిలో రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయి, చదువుకునే బిడ్డ, అతివేగంగా వచ్చిన పోలీసు కారు తగిలి చనిపోయింది. నేరం మోపడానికి సాక్ష్యం చాలదని ప్రాసిక్యూటరు 2024లో తేల్చారు. ఆ పోలీసుకు 5,000 డాలర్ల జరిమానా, తరువాత ఉద్యోగం పోవడం, అంతే. మనం వేలు చూపే ముందు మన ఇంటి సంగతి కూడా చూడాలి. 2009లో సుబాంగ్ జయ తైపన్ ఠాణాలో ఒక భారతీయ యువకుడు దెబ్బలకు చనిపోతే, 2013లో హైకోర్టు ఎనిమిది లక్షల రింగిట్ల పైన పరిహారం ఇవ్వమన్నది. విచారణ లేకుండా నిర్బంధించే 1960 నాటి చట్టం మన దేశంలో 2012 వరకు నడిచింది. అమెరికాలో ఖైదీలలో దాదాపు మూడవ వంతు నల్లవారు, జనాభాలో వారు 14 వంతులే. లాకప్పు మాట ఎత్తితే ఇక్కడి భారతీయ కుటుంబాలకు కలిగే దిగులు వారికి చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

ఇంటి లోపలి సంగతి ఒకటి. భార్య 911కి ఫోను చేస్తే, అనేక రాష్ట్రాలలో పోలీసు రాజీ చేయడానికి రాడు. దెబ్బ తగిలిన జాడ కనబడితే అరెస్టు చేయక తప్పదు. ‘కేసు వద్దు’ అని మరునాడు ఆమె ఏడ్చినా కేసు ఆమెది కాదు, ప్రభుత్వానిది. పెద్దలు కూర్చొని సర్దుదామనే మన అలవాటుకు అక్కడ తావు లేదు. ఆడపిల్లను అంత దూరం ఇచ్చే తల్లిదండ్రులకు ఇది ఊరట అనే నేను అనుకుంటాను.

గంజాయి విషయంలో రెండు దేశాల మధ్య ఆకాశానికి భూమికి ఉన్నంత దూరం. 24 అమెరికా రాష్ట్రాలలో పెద్దవారు దానిని దగ్గర ఉంచుకోవచ్చు. కేంద్ర చట్టంలో మాత్రం ఇంకా నేరమే, పరదేశివాని వీసాకు అది చాలు. అదే పొట్లం పెట్టెలో మరచి సెపాంగ్‌లో దిగితే? 200 గ్రాములు ఉంటే వ్యాపారానికే అని మన చట్టం ఊహిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం ముద్దాయిది. శిక్ష ఉరి, లేదా దీర్ఘ కాలపు జైలుతో కనీసం 12 దెబ్బలు.

అరెస్టు అయితే ఏమి చేయాలి? 1966 నుండి మౌనంగా ఉండే హక్కును పోలీసు చదివి వినిపించవలె. కాని ఊరకే నోరు మూసుకుంటే చాలదని 2010లో అదే సుప్రీం కోర్టు చెప్పింది. ‘నేను మాట్లాడను, నాకు లాయరు కావలెను’ అని నోటితో అనాలి. మలేసియా పౌరుడు కనుక కాన్సులేటుకు తెలుపమని కూడా అడగాలి. ఆ హక్కు అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయము, న్యూయార్క్, లాస్ ఏంజిలస్‌లలో కాన్సులేట్లు ఉన్నాయి. కొడుకును చూడడానికి వెళ్లిన బాగాన్ దాతూ అవ్వకు ఇంగ్లీషు రాకపోతే, రానట్టే చెప్పి తెలుగు దుబాసీని అడగమనండి. అర్థమైనట్టు తల ఊపవద్దని మరీ మరీ చెప్పండి. ఆ తల ఊపు అక్కడ ఒప్పుకోలు కింద రాసుకుంటారు.