ఊళ్లు వేసిన దారులు, సైకిళ్లకు దక్కాయి

ఫ్రాన్స్‌లో రోడ్లన్నీ కలిపితే 10 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. అందులో మోటార్‌వేలు సుమారు 12 వేల కిలోమీటర్లే. దూరప్రయాణాల కార్లూ, లారీలూ చాలావరకు వాటి మీదికీ జాతీయ రహదారుల మీదికీ చేరిపోతాయి. ఊరికీ ఊరికీ మధ్య అల్లుకున్న సన్నటి తారు రోడ్లు మాత్రం రోజులో చాలాసేపు ఖాళీగానే ఉంటాయి. పొద్దుతిరుగుడు చేల మధ్య, ఎత్తుపల్లాల మీదుగా తీరిగ్గా సైకిల్ తొక్కాలనుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. ఈ ప్రశాంతత దానంతటదే రాలేదు. దీని వెనక ఒక చట్టం ఉంది, పెద్ద వలస ఉంది, పల్లెల చెమట ఉంది. ఆ దారుల విశేషాలు కొన్ని...

ఏడాదికి మూడు రోజుల పని

19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్ పల్లెదారులు వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. 1836 మే 21న వచ్చిన చట్టం ఆ పరిస్థితిని మార్చింది. ఊరి దారుల బాధ్యత ఆ ఊరిదేనని చెప్పింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఆరోగ్యవంతులైన మగవాళ్లు ఏడాదికి మూడు రోజుల వరకు రోడ్డు పని చెయ్యాలి. బండ్లూ పశువులూ ఉన్నవాళ్లు వాటినీ తేవాలి. కుదరనివాళ్లు ఆ మేరకు డబ్బు కట్టాలి. రాళ్లు మోసింది రైతులు, కాలువలు తీసింది రైతులు. ఇవాళ సైకిల్ యాత్రికులు మెచ్చుకునే పల్లెదారుల్లో ఎన్నో ఆ పనిదినాల పుణ్యమే.

దారులు నిలిచాయి, జనం తరలారు

నైరుతి ఫ్రాన్స్‌లో గాస్కనీ ప్రాంతానికి గుండెకాయ లాంటిది జెర్స్ జిల్లా. 1846లో అక్కడ 3 లక్షల మందికి పైగా ఉండేవారు. ఇప్పుడు 2 లక్షల లోపే. రైళ్లూ ఫ్యాక్టరీలూ పల్లె యువతను నగరాలకు లాగాయి. మొదటి ప్రపంచ యుద్ధం ఎందరినో పొట్టనబెట్టుకుంది. 1931 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తంలో పట్టణవాసుల సంఖ్య పల్లెవాసులను మించింది. జనం తగ్గినా దారులు చెడిపోలేదు. దేశంలో నేటికీ దాదాపు 35 వేల కమ్యూన్లు, అంటే సొంత పాలన ఉన్న ఊళ్లు ఉన్నాయి. వంద గడప లేని ఊరికి కూడా మేయరుంటారు, ఊరి రోడ్డు బాగోగులు చూసుకుంటారు. నిండా జనం ఉన్న కాలానికి వేసిన దారులు పలచబడ్డ కాలంలోనూ చక్కగా ఉండటమే ఇక్కడి భాగ్యం.

విసనకర్రలా విచ్చుకున్న నదులు

జెర్స్‌లో సైకిల్ తొక్కేవారు ముందుగా తెలుసుకోవాల్సింది నదుల సంగతి. పిరనీస్ పర్వతాల పాదాల దగ్గరి లన్మెజాన్ పీఠభూమి నుంచి బాయిజ్, జెర్స్, జిమోన్, సావ్ వంటి నదులు విసనకర్ర పుల్లల్లా ఉత్తరానికి విచ్చుకుంటాయి. అందుకే ఉత్తర దక్షిణాలుగా లోయ వెంట పోతే తొక్కడం సులువు. తూర్పు పడమరలుగా పోతే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఇంకో చిత్రం: ఈ లోయల రెండు వాలులూ ఒకేలా ఉండవు. పడమటికి తిరిగిన వాలు నిటారుగా, తూర్పుకు తిరిగిన వాలు సాగతీసినట్టుగా ఉంటుంది. కాబట్టి తూర్పుకు వెళ్లేవారికి ఎక్కుడు పొట్టిదైనా కాళ్లకు పరీక్ష. పడమటికి వెళ్లేవారికి ఎక్కుడు నింపాదిగా సాగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున మిట్ట మీద ఆగితే దక్షిణాన పిరనీస్ శిఖరాలు వరసగా కనిపిస్తాయి.

నీడనిచ్చే చావడులు

ఈ ప్రాంతంలో 13, 14 శతాబ్దాల్లో కొత్తగా కట్టిన ఊళ్లు చాలా ఉన్నాయి. తిన్నటి వీధులు, నడిబొడ్డున సంత మైదానం, దాని చుట్టూ కమాను వసారాలు వాటి గుర్తు. సంతకొచ్చినవారికి ఎండావానా తగలకుండా కట్టిన ఆ వసారాలే ఇప్పుడు సైకిల్ యాత్రికులకు మధ్యాహ్నపు నీడ. 1291లో వెలసిన లాబాస్తీద్ దార్మన్యాక్ అటువంటిదే.

సైకిళ్లవారి గుడి

ఆ లాబాస్తీద్ పక్కనే 11వ శతాబ్దపు చిన్న చర్చి ఉంది. 1959లో జోసెఫ్ మస్సీ అనే ఫాదరు దాన్ని సైకిళ్లవారి మేరీమాతకు అంకితం చేయించారు. లోపల గోడల నిండా వందలకొద్దీ జెర్సీలు. జాక్ అంకెతిల్, ఎడ్డీ మెర్క్స్, బెర్నార్ ఇనో వంటి సైకిల్ రేసుల మహామహులవీ ఉన్నాయి. కిటికీల రంగుటద్దాల బొమ్మలకు రూపమిచ్చింది కూడా ఒకప్పటి రేసు వీరుడు ఆంరీ ఆంగ్లాదే. 1973లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచిన లూయిస్ ఒకాన్యా పెళ్లి ఇక్కడే జరిగింది. 1989లో టూర్‌లో ఒక రోజు రేసు ఈ ఊరి నుంచే మొదలైంది.

మ్యాపు చెప్పే మాట

మిషెలిన్ మ్యాపుల్లో ఎర్ర రోడ్డు రద్దీది, పసుపు రోడ్డు ఓ మోస్తరుది, తెల్ల రోడ్డు ఊరిది. సైకిల్ యాత్రికుడు తెల్ల గీతల కోసమే వెతుకుతాడు. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే చూడచక్కని దారని అర్థం. రోడ్డుకు అడ్డంగా బాణపు మొనలుంటే ఎక్కుడని గుర్తు. మొన చూపే వైపే ఎత్తు. ఒకటుంటే మామూలు ఎక్కుడు, మూడుంటే 13 శాతం దాటిన నిటారు. రోడ్డు మీది కిలోమీటరు రాళ్లూ రంగులతోనే మాట్లాడతాయి. తల ఎర్రగా ఉంటే జాతీయ రహదారి, పసుపుగా ఉంటే జిల్లా రోడ్డు.

మీటరున్నర మర్యాద

ఊరి బయట సైకిల్‌ను దాటే కారు కనీసం 1.5 మీటర్లు, ఊళ్లో అయితే 1 మీటరు ఎడం ఇవ్వాలన్నది ఫ్రాన్స్ చట్టం. అంత చోటివ్వడానికి, ఎదురుగా ఎవరూ రాకుంటే, నడిమి తెల్ల గీత దాటవచ్చని 2015లో అనుమతిచ్చారు. 2018 జులైలో మధ్యలో డివైడర్ లేని రోడ్ల మీద వేగాన్ని గంటకు 90 నుంచి 80 కిలోమీటర్లకు తగ్గించారు. తర్వాత కొన్ని జిల్లాలు కొన్ని రోడ్ల మీద మళ్లీ 90కి పెంచుకున్నాయి.

గేర్ల కోసం పోరాడిన శాకాహారి

సైకిల్ మీద ఊళ్లు తిరగడాన్ని ఫ్రాన్స్‌లో ఒక జీవన విధానంగా నిలబెట్టిన మనిషి పాల్ ద వివీ. వెలోసియో అన్నది ఆయన కలం పేరు. సాంతెతియెన్ పట్టణంలో పట్టు వ్యాపారం చేసుకునే ఆయన 1887లో సైకిల్ పత్రిక మొదలుపెట్టాడు. శాకాహారి. కొండ దారుల్లో మామూలు మనుషులు సుఖంగా తొక్కాలంటే మార్చుకునే గేర్లు ఉండాలని దశాబ్దాల పాటు వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ రేసులో అలా మార్చుకునే డీరైలర్ గేర్లను అనుమతించింది మాత్రం 1937లో, ఆయన పోయిన ఏడేళ్లకు. ఆకలి కాకముందే తిను, దాహం కాకముందే తాగు, గొప్ప కోసం తొక్కకు అన్నది ఆయన బోధల సారం. ఎత్తుపల్లాల దారిలో రోజంతా తొక్కినవారికి ఈ మూడూ ఎంత నిజమో ఒంటికి తెలుస్తుంది.

మొదటి సెలవు, మొదటి యాత్ర

1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం కార్మికులందరికీ రెండు వారాల జీతంతో కూడిన సెలవు హక్కుగా ఇచ్చింది. ఆ వేసవిలో ఎన్నో జంటలు ఇద్దరు కలిసి తొక్కే టాండెమ్ సైకిళ్ల మీద, గుడారం మూట కట్టుకుని పల్లెలకూ సముద్ర తీరాలకూ బయల్దేరాయి. కార్లు కొనలేనివారికి దేశాన్ని చూపించింది సైకిలే.

గబ్బిలాలకు గౌరవం

బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ వరకు మూతబడిన రైలు మార్గాన్ని 1997లో నడిచేవారికీ సైకిళ్లకూ కేటాయించారు. దేశంలో ఈ తరహా దారుల్లో తొలిది అదే. తర్వాత దాన్ని మాకాన్ వైపు పొడిగించారు. ఆ పొడిగింపులో 1.6 కిలోమీటర్ల పాత సొరంగం ఉంది. చలికాలంలో లోపల గబ్బిలాలు నిద్రపోతాయి కాబట్టి సొరంగాన్ని మూసేస్తారు. అప్పుడు సైకిళ్లు వేరే దారిన పోతాయి.

నీళ్లెక్కడ? రొట్టె ఎప్పుడు?

చిన్న ఊళ్లలో దుకాణం ఉండకపోవచ్చు, శ్మశానం మాత్రం ఉంటుంది. సమాధుల మీది పూలమొక్కల కోసం అక్కడ కుళాయి పెడతారు. సీసా నింపుకోవడానికి సైకిల్ యాత్రికులు అక్కడికే వెళ్తారు. మనకు కొత్తగా తోచినా అక్కడ దానికి పట్టింపు లేదు. తాగే నీళ్లు కాదని బోర్డుంటే మాత్రం ముట్టుకోకూడదు. ఇక పల్లెటూరి కొట్లు చాలావరకు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నమూ అంతే. కొన్ని బేకరీలకు సోమవారం సెలవు. కాబట్టి పొద్దున్నే రొట్టె, జున్ను, పండ్లు సంచిలో వేసుకోవడం తెలివైన పని.

వంద కనుమల క్లబ్బు

1972లో పుట్టిన ఈ క్లబ్బులో చేరాలంటే సైకిల్ మీద కనీసం 100 వేర్వేరు కనుమలు దాటి ఉండాలి. వాటిలో ఐదు 2,000 మీటర్ల పైనవై ఉండాలి. ఎంత సేపట్లో ఎక్కారని అడగరు. ఎక్కారా లేదా అన్నదే లెక్క.

హైదరాబాద్ నుంచి బ్రెస్ట్ దాకా

ఈ పల్లెదారులతో తెలుగువారికీ బంధముంది. 1891లో రేసుగా మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే 1,200 కిలోమీటర్ల యాత్ర. ఎక్కువమందికి గడువు 90 గంటలు. విజేతలుండరు, బహుమతి డబ్బుండదు. అర్హత కోసం అదే ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్ల యాత్రలు పూర్తి చెయ్యాలి. హైదరాబాద్ రాండోనర్లు అనే సుదూర సైకిల్ యాత్రికుల బృందం ఆ యాత్రలను మన దగ్గరే నిర్వహిస్తుంది. 2019లోనూ 2023లోనూ వందలమంది భారతీయులు అక్కడికి వెళ్లారు. దారిలోని బ్రిటనీ ప్రాంతపు పల్లెల్లో అర్ధరాత్రి కూడా ఊరివాళ్లు ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, నీళ్లు, కేకు ఇస్తారు, డబ్బు అడగరు. తర్వాతి యాత్ర 2027లో.

అంత దూరం తొక్కలేనివారికీ ఆ దారులు తెరిచే ఉంటాయి. జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో రోజుకు 50 కిలోమీటర్లు తొక్కితే చాలు, టికెట్టూ పరీక్షా అక్కర్లేదు. ఊళ్లు కష్టపడి వేసి, జనం తగ్గినా పాడుబడనివ్వకుండా కాపాడుకుంటున్న దారులవి. వాటి మీద నెమ్మదిగా పోవడం, దారిలోని ఊరి బేకరీలోనే రొట్టె కొనడం ఆ ఊళ్లకు మనం చెల్లించగల కృతజ్ఞత.