ఒకే పొయ్యి

శృంగవరపుకోటలో మా ఉమ్మడి సంసారం విడిపోయిన నాడు ఒక పొయ్యి మూడు పొయ్యిలయింది. పెద్దలు కూర్చుని పంపకాల కాగితం రాశారు. గంగాళాలు, గునపాలు, కొబ్బరిచెట్లు అన్నీ అందులోకి ఎక్కాయి. భర్త పోయి మా ఇంటనే ఉంటున్న మేనత్త భోజనం మాట మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

రక్తసంబంధం ఉన్నవాళ్లమే ఒక పొయ్యి నిలుపుకోలేకపోయామే, చుట్టరికం లేనివాళ్లు ఎలా నిలుపుకొన్నారా అని నాకు ఆశ్చర్యం. నేను చెప్పేది దెగానియా సంగతి. కిబుట్జు అనే ఉమ్మడి పల్లెలలో అది మొదటిది. తూర్పు యూరపు నుంచి వచ్చిన యూదు యువజనం, పదిమంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, 1910లో పాలస్తీనాలోని గలిలయ సరస్సు ఒడ్డున కాపురం పెట్టారు. ఎవరికీ జీతం లేదు, సొంత పొలం లేదు. పంట డబ్బంతా ఒకే పెట్టెలోకి. భోజనం ఒకే పంక్తిలో.

ఇంత సమానత్వంలోనూ మగవాళ్లు పొలానికి వెళితే ఆడవాళ్లకు మిగిలింది వంటిల్లే! మిరియం బారట్జ్ అనే ఆవిడ ఊరుకోలేదు. పొరుగు అరబ్బు స్త్రీల దగ్గర పాలు పితకడం నేర్చుకొని పశువులశాల పనిలో చేరింది. 1913లో ఆమెకు కొడుకు పుట్టాడు. ఆ పల్లెలో తొలి బిడ్డ. వాడి ఖర్చు ఎవరిది? అందరిదీ అని తేల్చారు.

మనకు దగ్గరలోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. మా ఊరి నుంచి ఘాటీ ఎక్కి అరకు దాటితే కోరాపుట్టు సీమ. 1955లో వినోబా అక్కడ కాలినడకన తిరిగితే ఎన్నో గిరిజన గ్రామాలు భూమి మీద సొంత హక్కు వదులుకొని గ్రామదానం చేశాయి. 1958లో జయప్రకాశ్ నారాయణ్ ఇజ్రాయెల్ వెళ్లి కిబుట్జులు చూసి వచ్చారు. అయితే గ్రామదానంలో హక్కు ఊరిది గాని, పొయ్యి మాత్రం ఎవరింటిది వారిదే.

మరి దెగానియా? 2007లో ఎవరి సంపాదన వారే ఉంచుకొనేటట్టు ఓటు వేసి మార్చుకొన్నారు. వాళ్లూ మనలాగే విడిపోయారన్నమాట అంటారేమో! కాదు. సంపాదనలో కొంత ఉమ్మడి పెట్టెలో వేయాలి. ఎక్కువ వచ్చేవారు ఎక్కువ వేయాలి. చాలీచాలని వారికి అది ఆసరా.

విడిపోవడం తప్పని నేననను. విడిపోయే కాగితంలో ముందు ఎవరి పేరు రాస్తామన్నదే ముఖ్యం. మా మేనత్త నెలకొక ఇంట వంతున భోంచేసింది. వంతు మారే ఉదయం చీరల మూట పట్టుకొని వీధి అరుగు మీద కూర్చునేది, ఎవరు పిలుస్తారా అని.