ఉప్పు బ్యాటరీకి మన మాంగనీసు

టార్చిలైటు సెల్లులో నల్లటి పొడి ఉంటుంది. అందులో ముఖ్యమైనది మాంగనీసు డయాక్సైడు. ఆ సెల్లుకు అదే ధనధ్రువం, అనగా కేథోడు. (సెల్లు పగలగొట్టి చూడకండి, ప్రమాదం.) ఈ సెల్లు ఒకసారి అయిపోతే మరి పనికిరాదు. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసే బ్యాటరీలు చాలావరకు లిథియంతో చేస్తారు. లిథియం కొన్ని దేశాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది. దాని బదులు ఉప్పులో ఉండే సోడియం వాడొచ్చు. ఉప్పుకేం కొదవ? మన నౌపడ ఉప్పు మడులు అందరికీ తెలిసినవే. ఉప్పు నుంచి చాకలి సోడా చేస్తారు. దాన్ని మాంగనీసు ఆక్సైడుతో కలిపి, కొలిమిలో సుమారు 900 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాలిస్తే సోడియం కేథోడు పొడి వస్తుంది.

చిక్కు ఎక్కడ?

ఛార్జి చేసేటప్పుడు సోడియం అయాన్లు కేథోడులోంచి బయలుదేరి, ద్రవంలోంచి అవతలి కార్బన్ ధ్రువానికి పోతాయి. లైటు వేస్తే తిరిగొస్తాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయట తీగలోంచి నడుస్తాయి. అదే మన కరెంటు.

కేథోడు లోపల పొరలుంటాయి. వాటి మధ్య సందు మన డార్మిటరీలో మంచాల మధ్య సందులాంటిది. లిథియం అయాను సన్నటోడు, వ్యాసార్థం 0.76 ఆంగ్‌స్ట్రాములు. సోడియం లావాటోడు, 1.02. లావాటోడు రోజూ దూరి వస్తూ ఉంటే మంచాలు జరిగిపోవా? అలాగే పొరలు జరిగి, పొడి రేణువులు బీటలు వారతాయి. పైగా మూడు ధనావేశాలున్న మాంగనీసు అయాను తన చుట్టూ ఉన్న ఆక్సిజన్ గూడును ఒకవైపు సాగదీస్తుంది. తడిగాలి తగిలినా పొడి పాడవుతుంది. అందుకే బ్యాటరీ నానాటికీ బలం తగ్గిపోతుంది.

మరి ఏటి చేస్తారు?

1. కొంత మాంగనీసు తీసి ఇనుము, నికెల్, మెగ్నీషియం, టైటానియం వంటివి కలుపుతారు. ఇవి పాకకు గుంజల్లాగ పొరలను నిలబెడతాయి.

2. రేణువుల మీద పలచటి పూత వేస్తారు. గోడకు సున్నం వేసినట్టే.

3. పొరలు మానేసి, గట్టి చట్రం ఉండే ఫాస్ఫేట్లు వాడతారు. ఇవి ఎక్కువకాలం మన్నుతాయి గానీ బరువు ఎక్కువ.

మీకు తెలుసా? 1980లో లిథియం కోబాల్ట్ ఆక్సైడు కేథోడును చూపించిన జాన్ గుడినఫ్ గారికి 2019లో, 97 ఏళ్ళ వయసులో నోబెల్ బహుమతి వచ్చింది.

మన జిల్లాల సంగతి

మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఇప్పటి విజయనగరం జిల్లా కోడూరులోనే. గర్భాం, గరివిడి పేర్లు కూడా విన్నవే. ఆ ఖనిజం ఎక్కువగా ఉక్కు తయారీకే పోయింది. మన ఖనిజంలో భాస్వరం పాలు ఎక్కువ. శుద్ధి చేయకుండా బ్యాటరీకి పనికిరాదు.

సోడియం బ్యాటరీ లిథియం దానికన్నా బరువే. అయినా 2021లో చైనాలోని సి.ఎ.టి.ఎల్. కంపెనీ ప్రకటించిన సెల్లు కిలో బరువుకు 160 వాట్-అవర్ల శక్తి నిలవ చేస్తుంది. అంటే 20 వాట్ల ట్యూబులైటు 8 గంటలు! కరెంటు పోతే స్టడీ అవరు ఆగదు. గోడ పక్కన ఉండే బ్యాటరీని మోసేదెవరు? బరువైతేనేం?

ఉప్పు మనది, ఖనిజం మనది. శుద్ధి చేసే విద్య కూడా మనది కాకపోతే మట్టిని చౌకగా అమ్ముకుని, బ్యాటరీని ఖరీదుగా కొనుక్కోవాలి. కాబట్టి లోహశాస్త్రం పాఠం వచ్చినప్పుడు "పరీక్షకు వస్తుందా?" అని మాత్రమే అడక్కండి. "గర్భాం రాయిలోంచి భాస్వరం ఎలా తీస్తారు సార్?" అని కూడా అడగండి. నేనైతే అడుగుతాను.