రహదారి ఒడ్డున ఇల్లు

న్యూయార్కు నగరంలో హడ్సన్ నదిమీది జార్జి వాషింగ్టన్ వంతెనను దాటి మన్‌హటన్ దీవిలో ప్రవేశించే ప్రయాణికునికి ఒక చిత్రమైన దృశ్యం ఎదురవుతుంది. రోడ్డుకు ఇరుపక్కల ఇళ్లుండడం లోకంలో ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ మాత్రం రోడ్డు నడినెత్తిన నాలుగు మేడలు నిలిచి ఉన్నవి. ఒక్కొక్క మేడకు 32 అంతస్తులు. వాటి పాదాల కిందుగా, నేలను లోతుగా తొలిచి వేసిన మార్గంలో, 12 వరుసలలో వాహనాలు రాత్రింబవళ్లు ప్రవహిస్తూనే ఉంటవి. మేడకు మేడకు నడుమ రోడ్డుమీద కప్పు లేదు. చప్పుడైనా, పొగయైనా ఆ సందులలో నుండి పైకి లేచి కిటికీలను తాకవలసినదే. 1960ల తొలినాళ్లలో వీటిని కట్టినప్పుడు, జానెడు స్థలం దొరకని నగరంలో రోడ్డుమీది ఆకాశాన్ని కూడ నివాసయోగ్యం చేసిన ఉపాయం గొప్ప తెలివిగానే తోచినది.

ఇటువంటి ఇంట కాపురం పెట్టినవారు మొదటి వారం నిద్రపట్టక విసుగుకొంటారు. రెండవ నెలలో ఎవరైనా అడిగితే, “అలవాటైపోయినది” అంటారు. కొందరు ఆ హోరును సముద్రఘోషతో పోల్చుకొని తృప్తిపడడం కూడ కలదు. మహారహదారుల చెంత నివసించేవారి నోట తరచుగా వినవచ్చే ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ అలవాటుకు చెల్లించిన మూల్యమెంతో పెద్దలవల్ల తెలియలేదు, పిల్లలవల్ల తెలిసినది.

షెల్డన్ కోహెన్, డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ నాలుగు మేడలలోని బడిపిల్లలను పరీక్షించి, 1973లో తమ పరిశోధనను ప్రకటించినారు. పరీక్ష చాల సామాన్యమైనది. ఒకే ఒక్క ధ్వనిలో మాత్రమే భేదమున్న మాటలను జంటజంటలుగా వినిపించి, రెండూ ఒకటేనా, వేరువేరా అని అడగడం. తెలుగులోనైతే ‘పాట’, ‘బాట’ అన్నట్లు. ‘కాలి’, ‘గాలి’ అన్నట్లు. పై అంతస్తుల పిల్లలు ఈ భేదాన్ని చక్కగా గుర్తించినారు. అంతస్తు దిగినకొద్ది, అనగా రోడ్డుకు దగ్గరైనకొద్ది, తప్పులు పెరిగినవి. చదివే శక్తిలోను అదే వరుస కనిపించినది. నాలుగేళ్లు, అంతకు మించి అక్కడ నివసించిన పిల్లలలో ఈ సంబంధం మరింత స్పష్టంగా ఉన్నది. చెవులకు జబ్బేమైనా ఉన్నదా అంటే లేదు. కుటుంబాల తారతమ్యంవల్ల వచ్చిన భేదమా అంటే, దానిని లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడ ఫలితం మారలేదు.

పరిశోధకులు చెప్పిన కారణం ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనింపదగినది. ఎడతెగని చప్పుడులో పెరిగే పసివాడు దానిని వినకుండా ఉండడం నేర్చుకొంటాడు. అది అతని ఆత్మరక్షణ. కాని చెవికి వాకిలి ఒక్కటే. చప్పుడును గెంటివేయడానికి మూసిన తలుపు మాటలోని సన్నని ధ్వనులను కూడ వెలుపలనే నిలిపివేస్తుంది. అక్షరాభ్యాసం నాటి చదువు కంటిపని అనుకొంటాము గాని, అందులో సగానికి మించి చెవిపని. ఒత్తక్షరానికి, ఒత్తులేని అక్షరానికి భేదం వినలేనివానిచేత దానిని పలికించడం, వ్రాయించడం ఎంత పాటో తెలుగు ఉపాధ్యాయునికి ఎవరూ చెప్పనక్కరలేదు. పెద్దలు ‘అలవాటు’ అని పిలిచి సంతోషించినదే పిల్లవాని చదువులో లోటుగా తేలినది.

ఈ మార్గాల పుట్టుకను గురించి రెండు మాటలు. ‘ఫ్రీవే’ అనగా ఉచితమార్గమని కొందరు భావిస్తారు. వాహనాలను నిలిపే కూడళ్లు గాని, దీపాల ఆజ్ఞలు గాని, ఇంటివాకిలి నుండి నేరుగా ఎక్కే వీలు గాని లేక అవాధంగా సాగేదని దాని భావం. లాస్ ఏంజెలెస్‌ను పాసడీనాతో కలిపే మార్గం 1940 డిసెంబరులో తెరువబడినది; అమెరికా పశ్చిమతీరంలో ఇదే మొదటిదిగా ఎన్నదగినది. 1956 నాటి శాసనం 41,000 మైళ్ల మార్గాలను సంకల్పించి, ఖర్చులో నూటికి 90 పాళ్లు కేంద్రప్రభుత్వం భరించేటట్లు ఏర్పాటు చేసినది. ఖర్చులో నూటికి పది మాత్రమే పెట్టుకోవలసిన రాష్ట్రాలు వద్దనడం కష్టం. మార్గాలు ఊళ్ల నడుమకు చొచ్చుకొనివచ్చినవి.

వాటి చెంత నివసించడంలో లాభం లేదనడం న్యాయం కాదు. అద్దె తక్కువ. పనికిపోయేవానికి రోజుకొక గంట మిగులుతుంది. ఆ గంట పిల్లలతో గడిపితే దాని విలువ ఇంతని చెప్పలేము. అర్ధరాత్రి ఆపద వస్తే ఆసుపత్రి చేరువవుతుంది. కొద్ది జీతంతో కొత్త ఊరు చేరినవాడు తక్కువ అద్దెను చూచి అటువంటి ఇంట దిగితే, అతనిని తప్పుపట్టేవారు అతని సంసారం నడిపి చూడవలసి ఉంటుంది. అయితే ఈ లాభాలన్నీ చేరిన నాడే లెక్కకు వచ్చేవి. నష్టాలు మాత్రం ఆలస్యంగా, అడుగుల చప్పుడు లేకుండ వస్తవి. బేరం కుదుర్చుకొనే వేళ రెంటినీ ఒకే త్రాసులో తూచడం అందువల్లనే సాధ్యం కాదు.

చప్పుడునైనా ఒకమాటు చెవితో కొలువవచ్చును. దాని స్వభావం కూడ మోసపుచ్చేదే. ఒకచోట మోగే గంటకు దూరమైనకొద్ది ధ్వని త్వరగా సన్నగిల్లుతుంది. ఫ్రీవే ఒక బిందువు కాదు, రేఖ. పొడుగునా ధ్వనిస్తూనే ఉంటుంది. దానినుండి దూరాన్ని రెట్టింపు చేసినా తగ్గేది సుమారు 3 డెసిబెళ్లు మాత్రమే. అడ్డంగా కట్టిన కాంక్రీటు గోడలు సాధారణంగా 5 నుండి 10 డెసిబెళ్ల వరకు తగ్గిస్తవి. గోడకంటె ఎత్తున ఉన్న అంతస్తువారికి ఆ గోడ కంటికి మాత్రమే అడ్డం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐరోపా విభాగం, రోడ్డుమీది చప్పుడు రాత్రివేళ సగటున 45 డెసిబెళ్లను మించరాదని సూచించినది. నిద్రపోయిన మనిషి కన్ను మూసుకొంటుంది గాని చెవి మూసుకోదు. మెలకువ రాకపోయినా, పెద్ద లారీ ఒకటి సాగిపోయినప్పుడు గుండె వేగం మారుతుంది. తెల్లవారిన తరువాత ఆ సంగతి అతనికి జ్ఞాపకముండదు, అలవాటైపోయినదని చెబుతాడు.

గాలి విషయంలో ఈ మోసం మరింత గడుసైనది. యంత్రాల పొగలో ఉండే సూక్ష్మాతిసూక్ష్మమైన రేణువులకు, మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటె చిన్నవాటికి, రంగు లేదు, కంటికి ఆనే రూపం లేదు. 2002లో ప్రకటితమైన లాస్ ఏంజెలెస్ ఫ్రీవేల కొలతలను బట్టి, పగటివేళ గాలివాలు పక్కన ఇవి మార్గం అంచున దట్టంగా ఉండి, 300 మీటర్లు దాటేసరికి నగరపు సాధారణస్థాయికి దిగుతున్నట్లు తేలినది. అది విని 300 మీటర్ల అవతల ఇల్లు తీసుకొన్నవారు నిశ్చింతగా ఉండవచ్చునా? 2009లో ప్రకటితమైన, అదే ప్రాంతంలో సూర్యోదయానికి ముందు తీసిన కొలతలలో ఆ ఛాయ 2 కిలోమీటర్ల దాక పరుచుకొని ఉన్నది. రాత్రి నేల చల్లబడినప్పుడు నేలనంటిన చల్లని గాలి పైకి లేవదు. వెచ్చని గాలి దానిమీద మూతవలె కూర్చుంటుంది. తెల్లవారుజామున లేచి, కిటికీ తెరచి, చల్లని గాలి పీల్చడం ఆరోగ్యమని తరతరాలుగా చెప్పుకొంటున్నాము. ఫ్రీవే చెంత ఆ ఒక్క వేళనే కిటికీ మూసి ఉంచవలసి వచ్చినది.

దీని ఫలితాన్ని కూడ పిల్లలే చూపినారు. దక్షిణ కాలిఫోర్నియాలోని 12 ఊళ్లలో 3,677 మంది పిల్లలను పదేళ్ల ప్రాయంనుండి పదునెనిమిదేళ్ల వరకు పరిశీలించిన ఫలితాలు 2007లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడినవి. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో వెలువడే గాలి ఎంతో ఏటేట కొలిచినారు. ఫ్రీవేకు 500 మీటర్ల లోపల నివసించిన పిల్లలలో ఆ ఎనిమిదేళ్ల పెరుగుదల, 1,500 మీటర్లకు అవతల ఉన్నవారికంటె సగటున 81 మిల్లీలీటర్లు తక్కువ. సగం కాఫీకప్పు గాలి; ఇంతేనా అనిపించవచ్చును. కాని పదునెనిమిదేళ్లకు ఊపిరితిత్తుల పెరుగుదల దాదాపు పూర్తవుతుంది. ఆ వయస్సు నాటికి పెరగనిదానిని పిమ్మట పెంచుకొనే అవకాశం బహుస్వల్పం. ఉబ్బసం లేని పిల్లలలోను, పొగత్రాగని పిల్లలలోను ఈ లోటు కనిపించినది.

ఆ పిల్లలలో ఒక్కరైనా, “నాకు ఇంత గాలి తక్కువైనది” అని ఫిర్యాదు చేసి ఉండరు. లేనిదాని లోటు ఎవరికి తెలుస్తుంది?

కాలిఫోర్నియా శాసనసభ 2003లో ఒక చట్టం చేసి, ఫ్రీవేకు 500 అడుగుల లోపల కొత్తగా పాఠశాల కట్టకుండ నిబంధన విధించినది. కొన్ని మినహాయింపులు కలవు. మంచి పనియే. అయితే ఆ దయ ఇంకా పుట్టని పాఠశాలలమీదనే ప్రసరించినది. ఉన్నవి ఉన్నచోటనే ఉండిపోయినవి. పిల్లవాడు బడిలో గడిపేది ఆరేడు గంటలు, తక్కిన కాలమంతా ఇంటనే. ఇళ్ల విషయంలో 2005లో వెలువడినది సలహా మాత్రమే. 2016లో లాస్ ఏంజెలెస్ నగరం, ఫ్రీవేకు 1,000 అడుగుల లోపల కట్టే కొత్త ఇళ్లకు గాలిని వడపోసే మేలైన సాధనాలు అమర్చాలని నియమించినది. గాలిని వడపోసుకొని పీల్చే ఇల్లు కట్టడం కంటె నాలుగడుగులు ఎడంగా కట్టడం తేలిక కాదా అని అడిగితే, భూమి ధర చూపుతారు.

విద్యుత్తు వాహనాలు వస్తే ఈ బెడద తీరునని ఒక ఆశ. పొగ మటుకు తీరును. కాని ఫ్రీవే వేగంలో చప్పుడు పుట్టించేది ముఖ్యంగా టైరు, యంత్రం కాదు. టైరు అరిగిన ధూళి, బ్రేకు అరిగిన ధూళి అప్పటికీ లేస్తూనే ఉంటవి. అయినా నిరాశ పొందనక్కరలేదు. దక్షిణ కాలిఫోర్నియాలో చట్టాల ఒత్తిడిచేత గాలి బాగుపడినకొద్ది, పదిహేనేళ్ల పిల్లలలో ఊపిరిబలం తీరా తక్కువైనవారు 1990ల నడుమ నూటికి 7.9 మంది ఉండగా, 2011 నాటికి 3.6కు తగ్గినారు.

మార్గాలు ఎవరి ముంగిట పడినవో చూడడం కూడ అవసరం. లాస్ ఏంజెలెస్ తూర్పున బాయిల్ హైట్స్ అనే పేట ఉన్నది. మెక్సికను, యూదు, జపాను సంతతుల శ్రామిక కుటుంబాలు ఇరుగుపొరుగై మెలిగిన చోటు. పెక్కు ఫ్రీవేలు ఒకదానినొకటి పెనవేసుకొనే మహాకూడలి ఆ పేటలోనే వెలసినది. చెరువుతో కూడిన హాలెన్‌బెక్ ఉద్యానవనం అంచును ఒరుసుకొని స్తంభాలమీద ఒక మార్గం సాగిపోయినది. అదే నగరానికి పడమటగా, సంపన్నుల నివాసమైన బెవర్లీ హిల్స్ గుండా కూడ ఒక ఫ్రీవేను పటంలో గీసినారు. దానిని 1975లో రద్దు చేసినారు. వాహనాలు అధికంగా గలవారు ఏ పేటవారో ఊహించడం కష్టం కాదు.

హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో వెలసిన బాహ్యవలయ రహదారి ఈ జాతికి చెందినదే. దానికి ఇరువైపుల ఒక్కొక్క కిలోమీటరు మేర భూమిని అభివృద్ధి మండలంగా ప్రకటించినారు. కాలిఫోర్నియా ఏ మేరను చూచి జంకినదో ఆ మేరలోనే ఇక్కడ మేడలు లేచినవి. ఇల్లు చూడబోయినవారు పగటిపూట, తలుపులు మూసిన చల్లని గదిలో నిలబడి బేరమాడుతారు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు పోయి, కిటికీ తెరచి, పది నిమిషాలు కూర్చుని రావడం వ్యయం లేని పరీక్ష. గాలివాలు ఎటో, పిల్లల పడకగది ఏ దిక్కునో, ఎన్నాళ్లు ఉండదలచినారో కూడ చూచుకోవలసినవే. ఒంటరిగా రెండేళ్లుండి పోయే ఉద్యోగికి చెల్లిన ఇల్లు, అయిదేళ్ల పిల్లవాడున్న ఇంటివారికి చెల్లదు.

మన్‌హటన్ ఉత్తరభాగంలోనే మరొక పాఠశాల కథ ఉన్నది. అక్కడ ఫ్రీవే కాదు, ఎత్తున సాగే రైలుమార్గం. రైలు సాగిపోయేదాక ఉపాధ్యాయులు పాఠం ఆపి నిలబడవలసి వచ్చేది. పట్టాల పక్క గదులలో చదివినవారు, అవతలి పక్క గదులవారికంటె ఆరవ తరగతి వచ్చేసరికి చదువులో సుమారు ఒక ఏడాది వెనుకబడినట్లు ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్, డెన్నిస్ మెకార్తీ 1975లో నిరూపించినారు. పిమ్మట పట్టాల కింద రబ్బరు దిండ్లు వేసినారు. తరగతిగదుల పైకప్పులకు చప్పుడును మింగే పలకలు అమర్చినారు. 1981లో బ్రాన్‌జాఫ్ట్ మళ్లీ పరీక్షలు చూచినప్పుడు రెండు పక్కల పిల్లలు సమానంగా చదువుతున్నారు.