బ్యాటరీ స్ప్రేయర్ ఛార్జింగ్ ఎక్కడం లేదా? కొత్త ఛార్జర్ కొనే ముందు ఇవి చూడండి

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల టమాటా రైతులు, కుప్పం వైపు కూరగాయలు, పూలతోటల రైతులు మందు కొట్టడానికి బ్యాటరీ స్ప్రేయర్లు వాడుతున్నారు. ముసురు పట్టి టమాటాలో ఆకుమాడు తెగులు కనిపించినప్పుడు స్ప్రేయర్ పనిచేయకపోతే కొద్ది రోజుల్లోనే తెగులు తోటంతా పాకుతుంది. ఛార్జింగ్ ఎక్కనంత మాత్రాన లోపం ఛార్జర్‌దే అనుకోకూడదు. ట్యాంకు ఖాళీ చేసి, స్విచ్ ఆపి, పొడి చేతులతో ఈ కింది వరుసలో చూసుకోవాలి.

1. కరెంటు: ఛార్జర్‌ను ఇంట్లో బాగా పనిచేస్తున్న వేరే ప్లగ్గులో పెట్టి చూడాలి. ఇది 230 వోల్టులకు తయారైనది. మోటారు షెడ్డులో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి. అక్కడ తగిలిస్తే ఛార్జర్ కాలిపోతుంది, ప్రాణానికీ ప్రమాదం.

2. పిన్ను, సాకెట్: మందునీళ్లు, మట్టి చేరి సాకెట్‌లో చిలుము పడుతుంది. ఛార్జర్‌ను ప్లగ్గు నుంచి తీసేసి, పొడి బ్రష్‌తో శుభ్రం చేయాలి. పిన్ను దగ్గర వైరు తెగిందేమో చూడాలి.

3. ఫ్యూజు: చాలా మోడళ్లలో బ్యాటరీ పక్కన చిన్న ఫ్యూజు ఉంటుంది. పోతే అదే ఆంపియర్ ఫ్యూజు వేయాలి. రాగి తీగ చుట్టకూడదు.

4. బ్యాటరీ: ఎక్కువ స్ప్రేయర్లలో 12 వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది. అందులో 6 సెల్స్. నిండుగా ఛార్జ్ అయి, కొన్ని గంటలు ఆగాక మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు లేదా పైన చూపాలి. రాత్రంతా పెట్టినా 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్ పోయినట్లే, బ్యాటరీ మార్చాలి. నెలల తరబడి వాడక బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కొన్ని ఛార్జర్లు దాన్ని గుర్తించవు, ఛార్జింగ్ మొదలుపెట్టవు. అప్పుడు మెకానిక్‌కు చూపించాలి. బైకు బ్యాటరీతో వైర్లు కలిపే ప్రయత్నం చేయవద్దు.

5. ఛార్జర్: చాలా ఛార్జర్లలో ఎరుపు లైటు ఛార్జ్ అవుతోందని, పచ్చ లైటు నిండిందని గుర్తు. దిగిపోయిన బ్యాటరీకి పెట్టగానే పచ్చ లైటు వస్తే కరెంటు బ్యాటరీకి చేరడం లేదు. ఫ్యూజు, వైర్లు, బ్యాటరీ మళ్లీ చూడాలి. పక్క రైతు దగ్గర అదే మోడల్ స్ప్రేయర్ ఉంటే, దాని బ్యాటరీ కొంత దిగాక ఈ ఛార్జర్ పెట్టి చూడండి. ఎరుపు లైటు వచ్చి బ్యాటరీ నిండితే ఛార్జర్ బాగున్నట్లే. అసలు లైటే రాకపోతే ఛార్జర్ మార్చాలి. వోల్టులు, ఆంపియర్లు, బ్యాటరీ రకం సరిపోవాలి. సీసం బ్యాటరీ ఛార్జర్‌ను లిథియం బ్యాటరీకి వాడకూడదు. వారంటీ ఉంటే విప్పకుండా కొన్న దుకాణానికే తీసుకెళ్లండి.

ముందు జాగ్రత్తలు:

- మందు కొట్టిన రోజే ఛార్జింగ్ పెట్టాలి. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్లు గట్టిపడి పాడవుతాయి.
- 8 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 1.7 ఆంపియర్ ఛార్జర్‌తో సుమారు 5 నుంచి 6 గంటలు పడుతుంది.
- పని లేని కాలంలో నెలకోసారి నిండుగా ఛార్జ్ చేయాలి.
- గాలి తగిలే చోట, పొయ్యికీ పిల్లలకూ దూరంగా పెట్టాలి.
- పాత బ్యాటరీని పగలగొట్టవద్దు, చెత్తలో వేయవద్దు. సీసం విషం. బ్యాటరీ దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.

మందు కొట్టాల్సిన రోజుకు ముందు రోజే స్ప్రేయర్‌లో నీళ్లు పోసి ఒకసారి నడిపి చూసుకుంటే లోపం ముందే తెలుస్తుంది, సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది.